పడుగు నీలం, పేక పచ్చ

మా ఆయప్ప సైకిలేసుకొని ఒక్కడే సముద్రానికి పోయొచ్చిన కత ధర్మవరంలో మా వీధి వీధంతా చెప్పుకుంటారు. తలా ఒక రకంగా చెప్తారు. సముద్రంలో సైకిలు తొక్కినాడని ఒకరు, చేప కరిచిందని ఒకరు. అవేవీ నమ్మద్దండి. ఆ మనిషి నా చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పినాడు ఆ కత. నేను పోలేదు గానీ, ఆ పొద్దు ఏ వేళకు ఏం తిన్న్యాడో గూడా నాకు తెలుసు. కాబట్టి నేను చెప్పేదే నిజం.

మొగుని పేరు పలకకూడదని మా అత్త అంజనమ్మ అంటాంటాది. ఆమె ఇప్పుడు ఇంట్లో లేదు గాబట్టి చెప్తాండా. ఆయప్ప పేరు గంగాధరప్ప. పట్టుచీరలు నేస్తాడు. మాది గుంతమగ్గం. నేలలో మోకాళ్ళు మునిగేంత గుంత తవ్వి, దాంట్లో కాళ్ళు పెట్టుకొని, గట్టుమీద కూర్చొని నెయ్యల్ల. మీసాలు రాకముందే ఆ గుంతలో కాళ్ళు పెట్టినాడంట. అప్పట్నుంచి ఆ మనిషికి కుర్చీ అంటే పడదు. పెండ్లిలో పీటలమీద కూర్చోలేక ఆయప్ప పడిన అవస్థ పక్కనే ఉండి నేను చూసినా. ఎవరింటికి పోయినా కాళ్ళు యాలాడేసుకొనేదానికి ఒక అరుగు వెతుక్కుంటాడు.

నోట్లో నాలుక లేని మనిషి. చీరలు నేయించుకొనే సావుకారి కోప్పడినా నవ్వుతాడు, నేను కోప్పడినా నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయప్పకుండే షోకు ఒకటే, సైకిలు. దాని పిడులకు పట్టు పోగుల కుచ్చులు కట్టినాడు. మా వాళ్ళు అమావాస్యకు మగ్గం ఎక్కరు. ఆ పొద్దంతా సైకిలు తుడిచేదే పని. అది రవంత ఒరిగితే చాలు, అన్నం ముందర నుంచి గూడా లేచి పరిగెత్తేవాడు. పెండ్లాం పడిపోయినా అంత బిన్నా లేచేవాడు కాదేమో.

పెండ్లైన కొత్తలో నీకేం కావల్ల అని అడిగినాడు. సొమ్ములు అడుగుతానేమో అనుకున్న్యాడు పాపం. సముద్రం చూడల్ల అంటి.

మా పుట్టినూరు శింగనమల. చిన్నప్పుడు ఒక ఏడు చెరువు నిండితే, కట్టమీద నిలబడి ఇదేనా నాయనా సముద్రం అని అడిగినా. మా నాయన శెనక్కాయల లారీలో మద్రాసు దాకా పోయొచ్చిన మనిషి. నవ్వి, అవతల గట్టు కనపడతాంది గదమ్మా, గట్టు కనపడకపోతే అప్పుడు సముద్రం అన్న్యాడు. ఆ మాట నా తలలో పడిపోయింది. గట్టు లేని నీళ్ళు ఎట్లుంటాయి? కడవ నీళ్ళకు అంత దూరం నడిచేదానికి, అట్లాంటిది ఒకటి ఉండాదంటే చూడకుండా చావబుద్ది అయితాదా? ఆయప్ప అంతా విని, అదెంత పని, నేను చూపిస్తా అన్న్యాడు.

చూపిస్తా అన్నవాడు రెండు కాన్పులైనా చూపించలా. ఒకేడు కరువు, ఒకేడు పిల్లోనికి తట్టు, ఇంకో ఏడు సావుకారికి పెండ్లిండ్ల చీరలు. నేను మాత్రం మరిచిపోలా. సంగటి గెలికేటప్పుడు ఒకసారి, నీళ్ళు మోసుకొచ్చినాక ఒకసారి గుర్తు చేస్తానే ఉంటి.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, వినాయక చవితి దాటినాక, మా పక్క ఎన్నడూ లేనంత వాన పడింది. రైతులకు పండగ. మాకు మాత్రం మగ్గం గుంతలోకి నీళ్ళు ఊరినాయి. చెంబుతో తోడిపోస్తే మళ్ళా ఊరేది. గుంత ఆరేదాకా నేత లేదు. వానకోసరం మొక్కిన నోళ్ళతోనే వానను తిట్టుకుంటా, నేతగాళ్ళంతా అరుగులమీద కూర్చొని బొరుగులు నములుతాండారు.

అప్పుడు ఆయప్ప, లచ్చుమీ, ఇంక పోదాం పద సముద్రానికి అన్న్యాడు. నా పేరు నాగలక్ష్మమ్మ, మంచి మాట మాట్లాడేటప్పుడు మాత్రం లచ్చుమీ అంటాడు. నాకు అప్పుడు మూడో కడుపు, ఎనిమిదో నెల. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మా అత్త ఆ మాట విని, బస్సులోనే కంటావా యేమి అని ఇద్దర్నీ కలిపి తిట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆ కోపంలో, నువ్వన్నా పోయిరా పో, నా కోసరం ఆగద్దు అంటి.

పొమ్మంటే పోతారా ఎవరన్నా? పెండ్లాం అట్లన్నప్పుడు, నువ్వు లేకుండా నేను యాడికి పోతానే అనల్ల గదా. ఈ మనిషి సరే అని, మరుసటి పొద్దు ఇంకా తెల్లారని మొబ్బులోనే సైకిలు బస్సుమీదికి ఎత్తించినాడు. జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి మూటగట్టి ఇచ్చిందీ నేనే. నా చేతులకు బుద్ది లేదు.

ఇంక ఆయప్ప కత వినండి. కడప మీదుగా నెల్లూరు చేరుకొని, సత్రంలో పండుకొని, తెల్లవారినాక మైపాడు దోవ పట్టినాడు. జోరుగా తొక్కేవాళ్ళు ఎండ ఎక్కకముందే పోయొచ్చే దోవంట అది. మా ఆయప్పకు జోరు యాడిది? మగ్గం తొక్కిన కాళ్ళవి. మగ్గంలో ఒక కాలు తొక్కినాక, పేక పోగు మోసే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయేదాకా ఆగి, అప్పుడు రెండో కాలు తొక్కల్ల. సైకిలు గూడా అట్లే తొక్కుతాడు, ఒక తొక్కు, ఒక ఆగు. ఎనకొచ్చిన ఎద్దులబండి గూడా దాటిపోయిందంట. పోనీ అనుకున్న్యాడంట.

దోవకు రెండుపక్కలా వరిమళ్ళు, కాలవల నిండా నీళ్ళు. మా సీమ మనిషికి నీళ్ళు ఊరికే పారతాంటే మనసొప్పదు. ప్రతి కాలవ కాడా దిగి మొగం కడుక్కున్న్యాడు. కడిగిందే కడగతాంటే ఒక ముసలామె నిలబడి, ఏంది నాయనా, కంట్లో నలక పడిందా అని అడిగిందంట. లేదమ్మా, మాది అనంతపురం అన్న్యాడంట ఈయప్ప. ఆమెకు ఏమర్థమయిందో ఏమో, పాపం అని పోయిందంట.

సరుగుడు తోపు దాటేటప్పటికి సద్దు వినపడింది. మా వీధిలో మగ్గాలన్నీ ఒకేసారి నేస్తాండే సద్దు అనిపించిందంట. ఇసకలో చక్రాలు తిరక్క, సైకిలు భుజానికెత్తుకొని దిబ్బ ఎక్కినాడు. ఎక్కి చూసినాడు. ఆడ ఏం చూసినావు అని నేను ఎన్నిసార్లు అడిగినా, ఆ ఒక్కకాడ ఆయప్ప కత ఆగిపోతాది. గట్టు లేదు లచ్చుమీ అంటాడు, అంతే. నువ్వు పక్కన లేకపోతివే అని గూడా అంటాడు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడే నా కోపం సగం దిగింది, ఆయప్పకు చెప్పలేదు గానీ.

తడి ఇసక గట్టిగా ఉంటాదని తెలిసినాక సైకిలు ఎక్కినాడు. నీళ్ళ అంచు పట్టుకొని పోతాండాడు. అల వచ్చేది, చక్రాల జాడ తుడిచేసి పోయేది. ఎనక్కి తిరిగి చూస్తే తాను వచ్చిన గుర్తే లేదు. అది చూసి నవ్వుకొని మళ్ళా రవంత దూరం తొక్కేది, మళ్ళా తిరిగి చూసేది. అడిగేవాడు లేడు, పిలిచేవాడు లేడు. ఇద్దరు బిడ్డల తండ్రి, మూడో బిడ్డ కడుపులో, ఆడ కడుపులో చల్ల కదలకుండా చేస్తాండే పని అది.

ఎండ నెత్తిమీదికి వచ్చినాక కూర్చోవల్ల అనిపించింది. యాడ కూర్చునేది? అరుగు లేదు, మెట్టు లేదు. చేతుల్తో ఇసక తవ్వి, మోకాళ్ళ లోతు గుంత చేసి, దాంట్లో కాళ్ళు పెట్టుకొని, మగ్గం ముందర కూర్చున్నట్లే సముద్రం ముందర కూర్చున్న్యాడు. అబ్బా, ఇప్పుడు బాగుండాది అనుకున్న్యాడో లేదో, అరికాళ్ళకు సల్లగా తగిలింది. చూస్తే గుంతలో నీళ్ళు ఊరతాండాయి. దోసిట్లో తోడిపోసినాడు. మళ్ళా ఊరినాయి. గుంతలో నీళ్ళొచ్చినాయని మగ్గం ఇడిసిపెట్టి ఇంత దూరం వస్తే, ఈడ గూడా అదే పని తగులుకున్న్యాది.

రవంత దూరంలో వల బాగుచేసుకుంటాండే పోలయ్య అనే చేపలాయన ఇదంతా చూస్తానే ఉండాడంట. ఆఖరికి ఉండబట్టలేక లేచొచ్చి, "ఏందబ్బా, సముద్రమంతా తోడి ఎండగట్టి పోదామనా?" అని అడిగినాడంట. ఆ మాటకు ఇద్దరూ నవ్వుకున్న్యారు. ఆనక స్నేహం కలిసింది. జొన్న రొట్టె ఆయనకు పోయింది, కాల్చిన చేప ఈయనకు వచ్చింది. రొట్టెలోకి శెనక్కాయల పొడి నంజుకొని పోలయ్య కండ్లనిండా నీళ్ళు పెట్టుకున్న్యాడంట, మేము కారం తినేది అట్ల. తిన్నాక ఆయప్ప ఆ వల చేతికి తీసుకొని శానాసేపు చూసినాడు. నిలువు పోగు లేదు, అడ్డపు పోగు లేదు, ఒకటే దారం ముడులు పడతా పోయి ఇంత గుడ్డ ఎట్లయిందా అని. పోలయ్య రెండు ముడులు నేర్పించినాడు. సరుగుడు నీడలో ఒక కునుకు తీసినారు ఇద్దరూ.

లేచినాక రంగు పిచ్చి పట్టుకుంది ఈయప్పకు. నేతగానికి ఒక రంగు పట్టుబడకపోతే తిన్నది అరగదు. దూరంగా చూస్తే సముద్రం నీలం. అల లేచేటప్పుడు చూస్తే పచ్చ. తల పక్కకు తిప్పితే నీలం ఉన్నకాడ పచ్చ, పచ్చ ఉన్నకాడ నీలం. ఆయప్ప చొక్కాకు ఎప్పుడూ పట్టు పోగులు అంటుకొని ఉంటాయి. ఒక నీలం పోగు, ఒక పచ్చ పోగు పీకి, రెండూ పెనేసి, చెయ్యి చాపి సముద్రానికి అడ్డం పట్టినాడు. అప్పుడు తెలిసిపోయింది. పడుగు నీలం, పేక పచ్చ అని బయటికే అనేసినాడంట. నిలువుగా వేసే పడుగు ఒక రంగు, అడ్డంగా వేసే పేక ఒక రంగు అయితే, చీర ఒక పక్కనుంచి ఒక రంగు కొడతాది, ఇంకో పక్కనుంచి ఇంకో రంగు కొడతాది. మా ఊరి చీరలకు పేరొచ్చింది దాంతోనే. సముద్రాన్ని గూడా ఎవరో అట్లే నేసినారని ఆయప్ప తీర్మానం చేసేసినాడు.

నాకు చూపించల్ల గదా మరి. తాగే నీళ్ళకని నా టానిక్ సీసా ఖాళీది తీసకపోయింటాడు. దాంట్లో పట్టుకొద్దామని దిగినాడు. ఒడ్డున నీళ్ళలో రంగు పల్చగా ఉండాదని, చిక్కటి నీలం ఉన్నకాడ ముంచల్ల అని, రొమ్ము లోతుకు పోయినాడు. ఈత రాదు. పోలయ్య ఎనకనే పోయి రెక్క పట్టుకొని లాక్కొచ్చినాడంట. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయప్ప నవ్వుతాడు. నీలం పట్టేదానికి పోయి నన్ను ఏమి చేసిపోదామనుకున్న్యావు అని ఇప్పటికీ తిడతా.

ఇంటికొచ్చేటప్పటికి ఉప్పుగాలికి గొలుసు తుప్పుపట్టి, సైకిలు వీధి మొదట్నుంచే అరుస్తాంది. పిల్లోల్లకు గవ్వలు పంచిపెట్టి, ఇరుగు పొరుగును పిలిచి, తెల్ల పింగాణి గిన్నె తెమ్మన్న్యాడు. ఆ టానిక్ సీసా కాఫీ రంగుది, లోపల ఏముండేదీ బయటికి తెలీదు. అందరూ వంగి చూస్తాంటే గిన్నెలోకి వంచినాడు. తెల్లగా పడినాయి, మా బావి నీళ్ళ మాదిరే.

ఆయప్ప మొగం చూడల్ల అప్పుడు. సీసా పైకెత్తి ఒక కన్ను మూసి లోపలికి చూస్తాడు, రంగు యాడన్నా అడుగున అంటుకొని ఉండాదేమో అని. ఆనక నిదానంగా, "రంగు దిగిపోయినట్లుండాదే" అన్న్యాడు. అద్దకంలో దిగిపోయిన రంగులు చూసీ చూసీ ఆ మనిషికి అంతకంటే ఇంకేం తోచుతాది?

వీధంతా నవ్వింది. నేనూ కడుపు పట్టుకొని నవ్వినా, నవ్వీ నవ్వీ ఏడిచినా. ఒక్కడివే పోయి కండ్లారా చూసొచ్చి, నాకు గిన్నెడు నీళ్ళు తెచ్చినావా అంటి. మా అత్తకు ఏదీ పారెయ్యబుద్ది కాదు, ఉప్పు మిగులుతాదని ఆ నీళ్ళు తీసకపోయి పప్పులో పోసింది. ఆ పొద్దు ఇంటిల్లిపాదీ సముద్రం తిన్న్యాం. ఆయప్ప మాత్రం నవ్వలేదు. ఆ మనిషి నవ్వకుండా ఉండేది నేను చూసింది అదే మొదలు, నాకే బాధయింది.

గుంత ఆరింది, నేత మొదలయింది. సావుకారి చీరలు నేసేది కాక, మూల పడి ఉండే మా మామ మగ్గానికి దుమ్ము దులిపినాడు. సావుకారి కాడ ఒక నీలం పడుగు ఉండాది, తడిస్తే రంగు ఇడుస్తాదని ఎవరూ ముట్టుకోలా. దాన్ని అడిగి తెచ్చుకున్న్యాడు. పేకకు మాత్రం ఏ చీరలో మిగిలిన పచ్చ పట్టు ఆ చీరదే, చిలకపచ్చ, మామిడాకు పచ్చ, నాచు పచ్చ. ఒకటి అయిపోతే ఇంకోటి కలిపి నేసినాడు. మిగిలేది ఎంత, రవంత. మిగిలినప్పుడు నేస్తాడు, లేనప్పుడు ఆగుతాడు. సైకిలు తొక్కినట్లే. చీర అయ్యేటప్పటికి కడుపులో ఉండిన బిడ్డ చౌడి పరిగెత్తతాంది.

సావుకారి చూసి, ఇది చీరా కలగూరగంపా అన్న్యాడు. అమ్మేదానికి అయితే పనికిరాదు, నిజమే. ఒక కాడ పచ్చ చిక్కగా, ఒక కాడ పల్చగా ఉండాది. నేను కట్టుకొని నాలుగడుగులు వేస్తే, మడతల్లో నీలమూ పచ్చా ఒకదాంట్లోనుంచి ఒకటి వచ్చి పోతాండాయి. నిన్ను తీసకపోయేదాకా దీన్ని చూసుకో, తడపద్దు మాత్రం అన్న్యాడు. అనంతపురం జిల్లాలో తడుస్తామనే భయం యాడిది? పండగలకు, పెండ్లిండ్లకు ధైర్యంగా కట్టుకుంటి. నాకు సంతోషమే, లేదని చెప్పను. అయినా ఇడిసిపెట్టలా. చీర చీరే, సముద్రం సముద్రమే, మాట మాటే అని అంటానే ఉంటి.

చౌడి బడికి పోయే వయసొచ్చినాక, ఒక కార్తీక మాసంలో మా అత్తే అనింది, నాకు ఇంట్లోనే సముద్రం తినిపించినారు, పిల్లోల్లను నేను చూసుకుంటా, మీరు పొండి అని. ఆ చీర కట్టుకున్న్యా. సైకిలు మళ్ళా బస్సు ఎక్కింది. నెల్లూరు దాటినాక నేను ఎనక కూర్చుంటి, ఆయప్ప ఒక తొక్కు, ఒక ఆగు. కాలవ కనపడితే దిగి మొగం కడుక్కుంటాడు. నేనూ కడుక్కుంటి, ఊరికే పోతాండే నీళ్ళు గదా. దోవపొడుగునా, ఇప్పుడు చూడు నీలం, ఇప్పుడు చూడు పచ్చ అని చెప్తానే ఉండాడు.

ముందు నాలుగు పొద్దులు ఆడ గాలీ వానా. మేము పోయేటప్పటికి ఆగింది గానీ ఆకాశంలో మోడం పోలేదు. సరుగుడు తోపు దాటినాం. సైకిలు మళ్ళా భుజానికెత్తుకున్న్యాడు. దిబ్బ ఎక్కి చూస్తి.

గట్టు లేదు. మా నాయన చెప్పింది నిజమే. ఈ పక్క లేదు, ఆ పక్క లేదు, ఎదురుగా మోడంలో కలిసిపోయింది. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి నాకు.

పక్కకు తిరిగితే ఆయప్ప మొగం వాడిపోయి ఉండాది. అప్పుడు చూస్తి రంగు. సముద్రమంతా బురద. మా చెరువులోకి కొత్తనీళ్ళు దిగినప్పుడు ఉంటాదే, అట్లాంటి ఎర్ర బురద. నీలం లేదు, పచ్చ లేదు. ఇన్నేండ్లు చెప్పిన కత, నేసిన చీర, అంతా అబద్దమైపోయినట్ల నిలబడుకున్న్యాడు. "ఇది కాదు లచ్చుమీ. నేను చూపిస్తానన్న్యది ఇది కాదు" అన్న్యాడు.

కాళ్ళన్నా తడుపుకుందామని ఒక్కదాన్నే దిగితి. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని అంచున నిలబడినా. చిన్న అలలు వచ్చి పోతాంటే రవంత ముందుకు జరిగితి. అంతలో పెద్దది ఒకటి వచ్చి మోకాళ్ళ పైదాకా కొట్టింది. ఎనకనుంచి చీర, చీర అంటా అరుస్తాండాడు ఆయప్ప.

వంగి చూస్తి. అల ఎనక్కి పోతాంటే నా కాళ్ళ చుట్టూ తెల్ల నురగ నీలంగా తిరిగింది. దాని నడుమ తడిసిన చీర పచ్చగా ఆడతాంది. ఇంకో అల వచ్చింది. మళ్ళా నీలం. అంత బురదలో నా చుట్టూ మాత్రం చాపంత మేర నీలమూ పచ్చా.

పైకెత్తుకో, రంగంతా పోతాది అంటాండాడు ఆయప్ప. చేతిలో ఉండిన కుచ్చిళ్ళు గూడా ఇడిసిపెడితి.

"గమ్మునుండు. నువ్వు చూపిస్తానన్న సముద్రం నా కాళ్ళ కాడ ఉండాది. వచ్చి చూసుకో" అంటి.

ఆయప్ప చెప్పులు ఇసకలో ఇడిసి నీళ్ళలోకి వచ్చినాడు. ఎనక దిబ్బమీద సైకిలు దబ్బుమని పడింది. ఆ మనిషి తిరిగి చూడలా.